పోపుల పెట్టెలో ఏవి ఉండాలి, ఏవి ఉండకూడదు

మీరు విజయనగరంలో మూడో అంతస్తులోని అద్దె ఇంటికి కొత్తగా మారారు. ఏడు గిన్నెల స్టీలు పోపుల పెట్టె కొని, అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులతో పాటు పసుపు, కారం గుండ, ధనియాల గుండ, ఉప్పు కూడా నిండుగా పోశారు. వర్షాకాలం సగం గడవకముందే పసుపు ఉండలు కట్టిందనీ, కారం రంగు దిగిందనీ, ధనియాల గుండలో గోధుమరంగు పురుగులు తిరుగుతున్నాయనీ, చారులో పోపు వేస్తే ఏ దినుసు వాసనా విడిగా తెలియడం లేదనీ రాశారు. ఏ గిన్నెలో ఏది పెట్టాలో చెప్పమన్నారు. అత్తగారు ఇస్తానంటున్న పాత ఇత్తడి పెట్టె తెచ్చుకోవచ్చా అని కూడా అడిగారు. నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా ఇంటి దగ్గరే కారాలు, సంబారు పొడులు, నువ్వుగుండ చేసి అడిగినవారికి ఇస్తున్నాను. సరుకు నిల్వ చేయడమే నా రోజువారీ పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ ఇబ్బందులన్నిటికీ మూలం ఒకటే. పోపుల పెట్టెను మీరు నిల్వ డబ్బాగా వాడుతున్నారు. అది నిల్వకు చేసింది కాదు. డబ్బాల్లో ఉన్న సరుకు పొయ్యి దాకా రావడానికి మధ్యలో ఉండే పాత్ర అది. లోపలి గిన్నెలకు విడివిడిగా మూతలు ఉండవు. పైమూత బిగుతుగానే ఉన్నా, తీసిన ప్రతిసారీ ఏడు గిన్నెల సరుకుకూ ఒకేసారి గాలి తగులుతుంది. పూటకు ఒక్కసారి తీసినా నెలకు అరవైసార్లు తీసినట్టే. రాయలసీమలోనో తెలంగాణలోనో అయితే ఈ పద్ధతి కొంతవరకు సాగుతుందేమో గానీ, సముద్రం దగ్గరున్న మన జిల్లాల్లో జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో చెమ్మ ఎక్కువ. ఉప్పు సంగతే చూడండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే కరగడం మొదలుపెడుతుంది. మన దగ్గర వానాకాలపు ఉదయాల్లో ఆ హద్దు దాటడం మామూలే. ఉప్పు గిన్నెను పెట్టెలో ఉంచడమంటే పక్కనున్న ఆరు గిన్నెల మధ్యకు చెమ్మను పిలిచి కూర్చోబెట్టడమే. పైగా తడిసిన ఉప్పు స్టీలు మీద సన్నటి గుంటలు పడేలా చేస్తుంది. కాబట్టి ముందుగా ఉప్పును పెట్టెలోంచి తీసి పింగాణీ జాడీలోనో గాజు సీసాలోనో వేయండి.

ఇక పెట్టెను ఎంతవరకు నింపాలో ఒక లెక్క చెబుతాను. మీ ఇంట్లో ముగ్గురు ఉన్నారన్నారు. రోజుకు రెండు పోపులు అనుకుంటే వారానికి పద్నాలుగు. ఒక్కో పోపుకు అర టీస్పూను ఆవాలు, అంటే సుమారు 2.5 మిల్లీలీటర్ల కొలత పడుతుంది. మొత్తం వారానికి 35 మిల్లీలీటర్లు. మీ పెట్టెలోని గిన్నె ఎంత పడుతుందో ఒకసారి నీళ్లు పోసి కొలుచుకోండి. మామూలు సైజు పెట్టెలో గిన్నెకు 100 మిల్లీలీటర్ల దరిదాపుల్లో పడుతుంది. అంటే ఆవాలు మూడోవంతు గిన్నెకు పోస్తే వారం గడుస్తుంది. శనగపప్పు, మినప్పప్పు ఒక్కో పోపుకు ఒక్కో టీస్పూను వేసేవారికి వారానికి 70 మిల్లీలీటర్ల చొప్పున కావాలి. మెంతులు అడుగున పలచగా పరుచుకునేంత ఉంటే చాలు, అంతకుమించి పోస్తే నెలల తరబడి అక్కడే ఉంటాయి. వారానికి ఒకసారి, లేదా మహా అయితే పది రోజులకు ఒకసారి నింపుకునేలా పెట్టుకోవాలి. పాతది అడుగున ఉండగా దానిమీద కొత్తది పోయడం చాలామందికి అలవాటు. అలా పోస్తే అడుగున ఉన్నది ఎప్పటికీ వాడకంలోకి రాదు. మిగిలినదాన్ని ఒక పళ్లెంలోకి వంచి, గిన్నెను పొడిబట్టతో తుడిచి, కొత్తది ముందు వేసి, పాతది పైన వేయండి.

గిన్నెల్లో ఏవి ఉండాలన్నదానికి నా నియమం చాలా చిన్నది. నూనెలో గింజగానే పడేవి పెట్టెలో ఉండాలి, గుండ చేసినవేవీ ఉండకూడదు. అంటే ఆవాలు, జీలకర్ర, మెంతులు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి. ఏడో గిన్నె మీ ఇంటి అలవాటును బట్టి ఉంటుంది. నేనైతే మిరియాలు వేస్తాను. ఏమీ తోచకపోతే ఖాళీగా ఉంచినా నష్టం లేదు. వాము మాత్రం వేయకండి. చామదుంపకు, గోరుచిక్కుడుకు వాము పోపు బాగుంటుంది, కాదనను. కానీ దాని ఘాటు మూత లేని గిన్నెలో ఆగదు, నాలుగు రోజుల్లో మినప్పప్పుకు అంటుకుంటుంది. సోంపుదీ అదే గుణం. పప్పులు పెట్టెలో ఎందుకు, అవి వేరే డబ్బాలో ఉంటాయి కదా అని కొందరంటారు. మన పోపుల్లో సగానికి పైగా పప్పులు పడతాయి కాబట్టి, వాటిని బయట ఉంచితే ప్రతిసారీ ఇంకో రెండు డబ్బాలు తీయాల్సి వస్తుంది. అప్పుడిక పెట్టె ఉండీ ప్రయోజనం లేదు.

అమరిక విషయంలో కచ్చితమైన శాస్త్రమేదీ లేదు గానీ, చేయి కళ్లకంటే ముందు వెళ్లేలా ఉంటే పని సులువవుతుంది. ప్రతి పోపులోనూ పడేవి ఆవాలు కాబట్టి వాటిని నడిమి గిన్నెలో పెట్టండి. గుండ్రటి గింజలు కావడం వల్ల, పెట్టె కాస్త ఒరిగితే అన్నిటికంటే ముందు దొర్లేవి కూడా అవే, నడుమ ఉంటే అంచు దాటి పోవు. చుట్టూ శనగపప్పు, మినప్పప్పు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, మిరియాలు, ఈ వరుసలో పెట్టుకుంటే నూనెలో వేసే క్రమానికి దాదాపు సరిపోతుంది. పప్పులు ఎర్రబడటానికి సమయం పడుతుంది కాబట్టి అవి ముందు. ఆవాలు చిటపటమనడం మొదలయ్యాక జీలకర్ర. మెంతులు మాడితే చేదెక్కుతాయి కాబట్టి వాటి మీద ఒక కన్ను ఉంచాలి. శనగపప్పునూ మెంతులనూ పక్కపక్కన పెట్టకండి. సాయంత్రం మసక వెలుతురులో రెండూ పసుపుపచ్చగానే కనిపిస్తాయి. మెంతులు అనుకుని శనగపప్పు వేస్తే ఫరవాలేదు గానీ, శనగపప్పు అనుకుని చెంచా నిండా మెంతులు వేస్తే ఆ పులుసు ఎవరూ తినలేరు.

ఎండుమిర్చి విషయంలో చిన్న జాగ్రత్త ఉంది. పొడుగు కాయలు గిన్నెలో పట్టవు, తుంచి వేస్తే గింజలు రాలి పక్క గిన్నెల్లోకి చేరతాయి. తొడిమ తీసి, రెండు ముక్కలు చేసి, ఒక జల్లెడ మీద దులిపి, రాలే గింజలన్నీ రాలిపోయాకే గిన్నెలో వేయండి. రాలిన గింజలు పారేయక్కరలేదు, పచ్చడి పోపులో వాడుకోవచ్చు. నిల్వ డబ్బాలో ఉన్న కాయలకు మాత్రం తొడిమ తీయవద్దు. తొడిమ ఉన్నంతకాలం కాయ మూసుకుని ఉంటుంది, ఊడిన చోట చెమ్మా పురుగూ లోపలికి వెళ్లే దారి ఏర్పడుతుంది.

అన్నీ కలిసిపోతున్నాయన్న మీ ఫిర్యాదుకు కారణం చెంచా కావచ్చు, పెట్టె కావచ్చు. పెట్టెతో వచ్చే చిట్టి చెంచా ఒక్కటే కాబట్టి దానితోనే పసుపు తీసి, దానితోనే ఆవాలు తీస్తాం. గుండలు బయటికి వెళ్లిపోతే ఈ బాధ చాలావరకు తీరుతుంది. పెట్టె మాటకొస్తే, గిన్నెల మీద కూర్చునే లోపలి పళ్లెం ఒకటి ఉండాలి. ఆ పళ్లెం గిన్నెల అంచులకు ఆనుతోందో లేదో చూడండి. మధ్యలో వేలు దూరేంత సందు ఉంటే, పెట్టెను ఒక చేత్తో లాగిన ప్రతిసారీ గింజలు ఇటు నుంచి అటు గెంతుతాయి. కొత్తది కొనేవారు కొట్లోనే గిన్నెలన్నీ పెట్టించి, పళ్లెం వేసి, మూత బిగించి, పెట్టెను కొద్దిగా ఊపి చూడాలి. గిన్నెలు లోపల గలగలమంటే ఆ పెట్టె వద్దనండి. గాజు మూత ఉన్నవి చూడటానికి బాగుంటాయి, లోపల ఏముందో తెలుస్తుంది, కానీ కిటికీ పక్కన పెట్టే ఇంట్లో వాటివల్ల ఎండుమిర్చి రంగు పోతుంది.

ఇప్పుడు పసుపు ఉండలు కట్టడం గురించి. చాలామంది దీనికి వాన కారణం అనుకుంటారు. వాన కొంత కారణమే, కానీ అసలు నేరం మూకుడు మీది ఆవిరిది. మీరు వండేటప్పుడు ఒకసారి గమనించండి. పప్పు ఉడుకుతూ ఉంటుంది, పక్కన పెట్టె మూత తీసి ఉంటుంది, లేదా పసుపు గిన్నెనే చేత్తో పట్టుకుని మూకుడు మీదికి వంచుతాం. ఆ క్షణంలో గిన్నె లోపలి అంచును చూస్తే సన్నటి మంచు పట్టినట్టు మసక కనిపిస్తుంది. చల్లగా ఉన్న స్టీలుకు వేడి ఆవిరి తగిలి నీరవుతుంది, ఆ నీరు అంచు నుంచి పసుపులోకి దిగుతుంది. మర్నాడు చెంచాతో గీకితే గోడకు అంటుకున్న పసుపు పెంకులా ఊడివస్తుంది. కారానిదీ ఇదే కథ. కాబట్టి పొయ్యి వెలిగించక ముందే ఆ పూటకు కావలసిన పోపు సామాను ఒక చిన్న పళ్లెంలోకి తీసుకుని, పెట్టెను మూసి, దాని చోట దాన్ని పెట్టేయండి. కడిగిన కరివేపాకు కూడా ఆ పళ్లెంలో ఒక పక్కన ఉంటుంది గానీ, నీళ్లు కారే చేత్తో తెరిచిన పెట్టె మీదుగా వెళ్లదు. పోపు మాడకుండా ఉండటానికి కూడా ఇదే మంచి పద్ధతి. ఆవాలు చిటపటమంటున్నప్పుడు జీలకర్ర ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు.

గుండలకు వేరే ఏర్పాటు కావాలి. అరచేయి ఎత్తున్న, వెడల్పు మూతి గల గాజు సీసాలు ఐదారు తీసుకోండి. మరమూత ఉన్నవైతే మంచిది. కాఫీ పొడి సీసాలు కూడా పనికొస్తాయి, కానీ మూత లోపలి అట్టలో పాత వాసన నిలిచి ఉంటుంది కాబట్టి ఆ అట్ట తీసేసి, వంటసోడా వేసిన వేడినీళ్లతో మూతను కడిగి, ఎండలో ఆరబెట్టి వాడాలి. పసుపు, కారం, ధనియాల గుండ, జీలకర్ర గుండ, మెంతిపిండి, ఒక్కోదానికి ఒక్కో సీసా, ఒక్కో చెంచా. సీసాలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పోసి, మిగతాది పెద్ద డబ్బాలో ఉంచి చీకటి గూట్లో పెట్టండి. ఆ పెద్ద డబ్బాను వానాకాలంలో నెలకు రెండుసార్లకు మించి తీయకూడదు, అదీ వాన లేని పొడి పూట చూసి తీయాలి. పొట్లం విప్పిన తేదీ, లేదా మిల్లులో పట్టించిన తేదీ ఒక చీటీ మీద రాసి డబ్బా గోడకు అంటించండి. మూత మీద అంటిస్తే కడిగినప్పుడు మూతలు మారిపోయి, కిందటేటి కారం మీద ఈ ఏటి తేదీ కూర్చుంటుంది.

పసుపునూ కారాన్నీ వెలుతురు నుంచి కాపాడాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. పసుపులోని రంగు పదార్థం కర్క్యుమిన్ ఎండకు తొందరగా విరిగిపోతుంది. బట్ట మీద పడిన పసుపు మరకను ఉతికి ఎండలో ఆరేస్తే పోవడం మీరు చూసే ఉంటారు, సీసాలోని పసుపుకూ కిటికీ గట్టు మీద జరిగేది అదే. మిరపకాయ ఎరుపు కూడా గాలికి, వెలుతురుకు పాలిపోతుంది. మీ కారం రంగు దిగింది కానీ ఘాటు తగ్గలేదని రాశారు, అది సహజమే. ఘాటునిచ్చే పదార్థం రంగునిచ్చేదానికంటే గట్టిది.

మసాలా దినుసులు, అంటే చెక్క, లవంగాలు, యాలకులు, అనాసపువ్వు, పలావు ఆకు, వీటికి ఇంకో చిన్న డబ్బా చాలు. వాటి వాసనలు ఒకదానితో ఒకటి కలిసినా ప్రమాదం లేదు, ఎటూ వేటకూరలోనో పలావులోనో కలిసే పడతాయి. పోపుల పెట్టెలోకి మాత్రం రానివ్వకండి. లవంగం వాసన పట్టిన జీలకర్రతో చారు కాస్తే ఆ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

ఇంగువకు ఒంటరితనమే మేలు. మన దేశంలో అమ్మే ఇంగువ చాలావరకు అఫ్ఘానిస్తాన్, ఇరాన్ వైపు నుంచి ముడిగా వచ్చి, ఇక్కడ గోధుమపిండి లేదా బియ్యప్పిండి, తుమ్మజిగురు వంటివి కలిపి తయారుచేసినది. 2020లో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటి సొంతంగా పండించే ప్రయత్నం మొదలైంది కానీ, మనం కొనే డబ్బాల సంగతి అది కాదు. ఇంట్లో గోధుమ పడనివారు ఉంటే డబ్బా మీద ఏ పిండి కలిపారో చదివి కొనాలి. దాని వాసనలో ఉండేవి గంధకం కలిసిన పదార్థాలు. పలచటి ప్లాస్టిక్ వాటిని ఆపలేదు. కంపెనీ డబ్బాను అలాగే ఇంకో బిగుతు మూత స్టీలు డబ్బాలో పెట్టండి. ముద్ద ఇంగువ వాడేవారు శనగగింజంత ముక్కలు తుంచి అదే డబ్బాలో ఉంచుకుంటే, రోజూ గట్టి ముద్దతో కుస్తీ పట్టనక్కరలేదు.

ఆవాల గురించి మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. పోపుకు వాడే ఆవాలకూ, ఆవ పెట్టడానికి వాడే ఆవాలకూ నిల్వలో తేడా చూపండి. పనసపొట్టు కూరలోనో, కంద బచ్చలిలోనో, పులిహోరలోనో ఆవ నూరి కలుపుతాం కదా, ఆ ఘాటు గింజలో ముందే తయారై ఉండదు. గింజను నలిపి నీళ్లు తగిలించినప్పుడు అందులోని ఒక ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. అందుకే పొడి ఆవాలు నోట్లో వేసుకుంటే ముందు చేదు, నమిలాక కాసేపటికి ఘాటు. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, కనుకనే పెద్దవాళ్లు కూర దించాక, వేడి కాస్త తగ్గాక ఆవ కలపమంటారు. నెలల తరబడి తెరిచి మూసిన పెట్టెలో చెమ్మ పీల్చిన ఆవాలు పోపులో చిటపటమంటాయి, కానీ నూరితే ఘాటు రాక చేదు మాత్రం మిగులుతుంది. ఆవకు కావలసినవి విడిగా ఒక చిన్న సీసాలో నిండుగా, గాలి చోటు లేకుండా పోసి, ఆవ పెట్టిన రోజే తీయండి. ఆవకాయ రోజులకు ఎవరైనా కొత్త ఆవాలే కొంటారు, అది వేరే లెక్క.

నువ్వులు కూడా మనవైపు వంటింట్లో తప్పనిసరి సరుకే. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట పొలాల్లో నువ్వుల పంట బాగానే వేస్తారు, నువ్వుగుండ పడని కూర మన ఇళ్లలో తక్కువ. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది కాబట్టి వేయించి పొడి చేసిన తరువాత అది త్వరగా పాతనూనె వాసన వేస్తుంది. నువ్వుగుండను పోపుల పెట్టె దరిదాపులకు రానివ్వకండి. పది, పదిహేను రోజులకు సరిపడా చేసుకుని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పచ్చి నువ్వులు బయట డబ్బాలో ఉన్నా ఫరవాలేదు.

ధనియాల గుండలో పురుగు గురించి. మీరు చెప్పిన గోధుమరంగు చిన్న పురుగు పసుపు, మిరప, ధనియాలు, ఎండిన ఆకులు, వేటినీ వదలదు. చాలాసార్లు దాని గుడ్లు సరుకుతో పాటే ఇంటికి వస్తాయి. అందుకని పెట్టెను ఎంత శుభ్రంగా ఉంచినా, వచ్చిన పొట్లంలోనే ఉంటే ఏమీ చేయలేం. పురుగు పట్టిన గుండను జల్లించి వాడుకోవచ్చా అని అడిగారు. వద్దు. పారేయండి. పక్క గిన్నెల్లోని గింజలను మాత్రం కాపాడుకోవచ్చు. చాటలో చెరిగి, తెల్లటి కాగితం మీద పోసి అరగంట చూడండి. ఏదైనా కదిలితే అవీ పారేయండి. ఏమీ కదలకపోతే వాటిని బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసి, డీప్ ఫ్రీజర్‌లో, అంటే సున్నాకు 18 డిగ్రీల కింద, ఒక వారం ఉంచితే మిగిలిన గుడ్లు కూడా చస్తాయి. తీశాక వెంటనే మూత తెరవకూడదు. డబ్బా బయట పట్టిన నీటిచుక్కలు పూర్తిగా ఆరి, డబ్బా చేతికి చల్లగా తగలడం మానేశాకే తెరవాలి. ముందే తెరిస్తే ఆ నీరంతా గింజల మీద పడుతుంది.

ఎండబెట్టడం మన పాత పద్ధతి, ఈనాటికీ పనికొచ్చేదే. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద నల్లగుడ్డ పరిచి ధనియాలు, ఎండుమిర్చి, పసుపు కొమ్ములు, పప్పులు రెండు మూడు రోజులు ఎండబెట్టండి. గుండలను మాత్రం ఎండలో పెట్టవద్దు, కారణం ఇందాకే చెప్పాను. ఎండినవాటిని వేడిగా ఉండగానే డబ్బాలో పోసి మూత బిగించడం చాలా ఇళ్లలో చూస్తాను. ఆ వేడికి లేచిన ఆవిరి రాత్రికి చల్లబడి మూత లోపలివైపు నీరుగా మారి కిందికి కారుతుంది. సాయంత్రం నీడలో పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక, చీకటి పడి మంచు దిగకముందే డబ్బాకెత్తాలి. వేపాకులు వేసే అలవాటు ఉంటే బాగా ఎండినవి మాత్రమే వేయండి, పచ్చివి తేమను తీసుకొస్తాయి.

అన్నిటినీ ఫ్రిజ్‌లోనే పెట్టేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఉత్తరాంధ్రలో ఉంటూ ఫ్రిజ్‌ను అంతగా నమ్ముకోవద్దంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిపోయిన తరువాత ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆగిపోయిన ఫ్రిజ్‌లో లోపలి తేమంతా డబ్బాల మీదికి చేరుతుంది, మూత వదులుగా ఉన్న ప్రతి పొడీ పాడవుతుంది. అక్టోబరు మనకు తుఫానుల నెల, ఆ నెలలో ఫ్రిజ్‌లో ఉంచినవి చిన్న సీసాల్లో, బిగుతు మూతలతో మాత్రమే ఉండాలి.

పెట్టెను ఎక్కడ ఉంచాలి? పొయ్యి పక్క గట్టు మీద కాదు, పొయ్యికి పైన ఉన్న గూట్లో అసలే కాదు. పైకి లేచే వేడీ, ఆవిరీ అక్కడికే చేరతాయి. సింకు కింద చెమ్మ, ఫ్రిజ్ పైన వేడి. మూడో అంతస్తు అంటే మీ ఇల్లు బహుశా పైకప్పు కింద ఇల్లే కావచ్చు. వానాకాలంలో ఏ గోడ చెమ్మగిల్లుతుందో అరచేయి ఆనించి చూసుకుని, ఆ గోడకున్న అలమర వదిలేయండి. పొయ్యికి రెండడుగుల దూరంలో గట్టు కింది సొరుగు ఉంటే అదే మంచి చోటు. పెట్టె సొరుగులో ఉంటే పైనుంచి చూస్తూ తీసుకోవచ్చు, ఎత్తి దించే పని కూడా ఉండదు.

నెలకు ఒకసారి పెట్టె మొత్తం ఖాళీ చేసి, వేడినీళ్లతో, సబ్బుతో తోమి, తుడిచి, ఎండలో బోర్లించకుండా వెల్లకిలా పెట్టండి. లోపలి పళ్లెం అంచు మడతలో నీరు నిలుస్తుంది, అక్కడ బట్ట మొన దూర్చి తుడవాలి. దినుసు బాగుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కరలేదు. నాలుగు జీలకర్ర గింజలు రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపి వాసన చూడండి. ముక్కుకు వెంటనే తగలాలి. రెండోసారి నలపాల్సి వచ్చిందంటే పాతబడింది. ధనియాలకూ అదే పరీక్ష. పప్పులైతే గుప్పెడు తీసి ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూస్తే ముక్కిన వాసన తెలిసిపోతుంది.

సరుకు కొనడంలో మొత్తం ఏడాదికి ఒకేసారి కొనే అలవాటు మిరపకాయలకు, చింతపండుకు, పసుపు కొమ్ములకు సరే. పార్వతీపురం, సాలూరు వైపు సంతల్లో మన్యం పసుపు కొమ్ములు దొరుకుతాయి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో పసుపు, చింతపండు, తేనె అమ్ముతారు. కొమ్ములు ఏడాది పైన నిల్వ ఉంటాయి, గుండ అలా ఉండదు. కాబట్టి కొమ్ములు డబ్బాలో ఉంచి, మూడు నాలుగు నెలలకు ఒకసారి కిలో చొప్పున మిల్లులో పట్టించుకోండి. మిల్లులో కారం పట్టిన వెంటనే పసుపు పట్టించవద్దు, మీ వంతు ముందున్నవారు ఏం పట్టించారో చూసుకుని నిలబడండి. మిల్లులోంచి వచ్చిన గుండ వేడిగా ఉంటుంది, ఇంటికొచ్చాక పేపరు మీద పలచగా పరిచి చల్లార్చాకే డబ్బాకెత్తాలి. జీలకర్ర, మెంతులు, ఆవాలు మాత్రం ఏడాదికి కొనకండి, రెండు మూడు నెలలకు చాలినంత తెచ్చుకోండి. ముగ్గురున్న ఇంటికి పావుకిలో మెంతులు దాదాపు ఏడాదికే సరిపోతాయి, కిరాణా కొట్లో వంద గ్రాములు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

చివరగా ఇత్తడి పెట్టె. తప్పకుండా తెచ్చుకోండి. మన సారవకోట దగ్గరి బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. మన ఇళ్లలో పాత ఇత్తడి సామాను ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. పొడిగా ఉన్న గింజలకు ఇత్తడి వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు, చింతపండు, తడి తగిలితే మాత్రం పచ్చటి చిలుము పడుతుంది, అది తిండిలోకి వెళ్లకూడదు. అందుకని అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, పప్పులు మాత్రమే వేయండి. చింతపండుతో తోమిన రోజు మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, బట్టతో తుడిచి, పూర్తిగా ఆరాకే గింజలు పోయండి. గిన్నెల లోపల అంచుల్లో, అడుగు మూలల్లో చిలుము మిగిలిందేమో గోటితో గీకి చూడండి. గిన్నెలు అడుగున పలచబడి, తోమినా చిలుము వదలకపోతే, వాటి స్థానంలో ఆ కొలతకు సరిపోయే స్టీలు గిన్నెలు స్టీలు సామాను కొట్లో విడిగా దొరుకుతాయి. ఇత్తడి పెట్టె లోపల స్టీలు గిన్నెలు పెట్టుకున్నా వాడకంలో తేడా ఏమీ రాదు. చెక్క పెట్టె ఎవరైనా ఇస్తే అందులో పోపు సామాను పోయవద్దు. గదులు విడిగా ఊడిరావు, కడగడానికి వీలుండదు, చెక్క నూనెను పీల్చుకుని పాత వాసనను పట్టి ఉంచుతుంది.